రామకోటి పుస్తకంలో సున్నా ఉండదు

ఈసారి శీర్షికకు ఫోనులో డైరీ రాసుకునే యాప్‌ల గురించి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఒకరి ప్రశ్నకు జవాబు సగం ఇంకొకరి ప్రశ్నలో ఉన్నందున నాలుగింటినీ ఒకే చోట ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: నేను ఉద్యోగ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయినిని. మా అబ్బాయి నా ఫోనులో ఒక డైరీ యాప్ పెట్టి ఇచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక నాలుగు వాక్యాలు రాసుకునేదాన్ని. పేజీ పైభాగంలో ఒక మంట బొమ్మ, దాని పక్కన నేను వరుసగా ఎన్ని రోజులు రాశానో చెప్పే అంకె ఉంటాయి. అది 143 దాకా వచ్చింది. ఇంతలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళ్ళి రెండు రాత్రులు ఫోను ముట్టుకోలేదు. తిరిగి వచ్చి తెరిస్తే అంకె సున్నా అయింది. ఆనాటి నుంచి రాయబుద్ధి కావడం లేదు. ఇది నా బద్ధకమా, యాప్ లోపమా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టీచరుగారూ, 143 రాత్రులు క్రమం తప్పకుండా రాసిన మనిషిని బద్ధకస్తురాలని అనడానికి ఎవరికీ నోరు రాదు. మీరు రాసిన పేజీలన్నీ ఆ ఫోనులో ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది వాటి పైన కూర్చున్న అంకె ఒక్కటే. కానీ ఆ అంకెను మీ రాతకన్నా పెద్ద అక్షరాలతో, మీ రాతకన్నా ముందుగా, దాదాపు ఐదు నెలలపాటు ప్రతి రాత్రీ మీకు చూపించారు కనుక, అది పోగానే చేసిందంతా పోయినట్టు తోచడంలో వింత లేదు. లోపం యాప్‌దేనని నా అభిప్రాయం.

రెండు రోజులు తప్పితే అలవాటు చెడుతుందన్న భయం మీకు అక్కరలేదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 12 వారాలపాటు గమనించి, ఆ వివరాలను 2010లో ప్రచురించారు. అందులో పాల్గొన్నవారు తిండికో, తాగే నీటికో, వ్యాయామానికో సంబంధించిన ఒక చిన్న పనిని ఎంచుకుని, రోజూ జరిగే ఏదో ఒక సందర్భానికి, ఉదాహరణకు ఉదయం ఫలహారానికి, దాన్ని ముడివేసుకుని చేశారు. ఆ పని తలచుకోకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోగా, ఒకరి విషయంలో 254 రోజులు పడుతుందని తేలింది. పరిశీలన జరిగింది 84 రోజులే కనుక ఈ చివరిది లెక్క కట్టి వేసిన అంచనా. మీకు పనికివచ్చే సంగతి వేరే ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు కుదురుకునే తీరులో చెప్పుకోదగ్గ తేడా వారికి కనిపించలేదు. ఇక అందరూ చెప్పే 21 రోజుల లెక్క, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట నుంచి వచ్చింది. శస్త్రచికిత్స చేయించుకున్నవారు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన రాస్తే, ఆ నోటా ఈ నోటా పడి అందులోని ‘కనీసం’ జారిపోయి అది శాస్త్రమై కూర్చుంది.

మన ఇళ్ళలో రామకోటి రాసే పెద్దవాళ్ళను మీరు చూసే ఉంటారు. చిన్న చిన్న గళ్ళు అచ్చువేసిన పుస్తకం, గడికొక నామం. ఇంట్లో శుభకార్యం వస్తే నాలుగు రోజులు, జ్వరం వస్తే వారం రోజులు ఆ పుస్తకం అలమారలో ఉండిపోతుంది. మళ్ళీ తీసినప్పుడు ఆగిన గడి పక్క గడిలో మొదలుపెడతారు. నిండిన గళ్ళు నిండినట్టే ఉంటాయి. పూర్తయిన పుస్తకాన్ని భద్రాచలం తీసుకువెళ్ళి సమర్పించేటప్పుడు, వరుసగా ఎన్ని రోజులు రాశారమ్మా అని అడిగేవారు ఉండరు. ఆ పుస్తకాన్ని రూపొందించినవారు ఎవరో గానీ, నేటి యాప్ తయారీదారులకన్నా మనుషుల సంగతి వారికి బాగా తెలుసు.

మీ యాప్ సెట్టింగులలో ఆ అంకెను దాచే వీలుందేమో అబ్బాయిగారిని చూడమనండి. వీలు లేకపోతే ఈ రాత్రి పేజీ మొదట్లో మీరే ‘144’ అని వేసుకుని, పెళ్ళి ముచ్చట్లు రాయండి.

ప్రశ్న: హనుమకొండలో మేము ముగ్గురు మిత్రులం కలిసి తెలుగులో డైరీ రాసుకునే యాప్ తయారు చేశాము. రాత్రి 9 గంటలకు గుర్తు చేసే నోటిఫికేషన్, తెరవగానే ఖాళీ పేజీ, వరుస రోజుల లెక్క, రోజుకు 100 పదాల లక్ష్యం, బ్యాడ్జీలు ఉన్నాయి. చేరినవారు మొదటి వారం ఉత్సాహంగా రాస్తారు, రెండో వారానికి పలచబడతారు. పెట్టుబడి విషయమై మేము కలిసినవారు రోజుకు ఎంతమంది తెరుస్తున్నారని మాత్రమే అడుగుతున్నారు. యాప్‌ను కొత్తగా రూపొందించాలని అనుకుంటున్నాము. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ముగ్గురు మిత్రులు, హనుమకొండ

జవాబు: ముందుగా పైన టీచరుగారి ఉత్తరం ఇంకొకసారి చదవండి. తరువాత మీ ముగ్గురూ మీ యాప్‌ను నాలుగు రోజులు తెరవకుండా ఉండి, ఐదో రోజు తెరవండి. అప్పుడు కనిపించే తెరను మొదట మార్చాలి. యాప్ తయారు చేసేవారు మొదటిసారి తెరిచే మనిషి కోసం స్వాగత తెరలు ఎంతో శ్రద్ధగా గీస్తారు. రోజూ రాసేవారి కోసం పతకాలు పెడతారు. నాలుగు రోజులు తప్పి, కాస్త సిగ్గుపడుతూ తిరిగి వచ్చే మనిషి కోసం ఏమీ చేయరు. నిజానికి కొంతకాలం గడిచాక డైరీ రాసే ప్రతివారూ ఏదో ఒకనాడు ఆ మనిషే అవుతారు. అటువంటివారికి తప్పిన రోజుల ప్రస్తావన లేకుండా, వారు చివరిసారి రాసిన పేజీలోని ఆఖరి వాక్యాన్ని పైన చూపించి, దాని కింద నేటి తేదీ వేసి, రాయడానికి చోటు వదలండి. తమ వాక్యమే తమను పలకరిస్తే చేయి దానంతట అదే ముందుకు సాగుతుంది.

వరుస లెక్కను తీసివేయమనే నేను చెబుతాను. దాని బదులు ఇప్పటిదాకా నిండిన పేజీల మొత్తం చూపించండి. అది పెరగడమే కానీ తగ్గడం ఉండదు. లక్ష్యం కావాలనుకునేవారు వారానికి మూడు రోజులనో, ఐదు రోజులనో తామే పెట్టుకునే వీలు ఇవ్వండి. భాషలు నేర్పే డుయోలింగోలో ఒక రోజు తప్పినా వరుస తెగకుండా కాపాడే సదుపాయం ఉంది. అది మంచి సవరణే. కానీ అక్కడ దాన్ని సాధారణంగా ఆటలో గెలిచిన రత్నాలతో కొనుక్కోవాలి. పాఠాలకు అది చెల్లుతుందేమో గానీ, అమ్మమ్మ పోయిన రోజున డైరీ రాయలేకపోయినవారు రత్నాలు చెల్లించి సెలవు కొనుక్కోవడం నాకు సబబుగా తోచదు.

లెక్క ఏదైనా, రోజు ఎప్పుడు మారుతుందన్నది మీరు నిర్ణయించాలి. చాలా యాప్‌లు అర్ధరాత్రి 12 గంటలకు తేదీ మార్చేస్తాయి. షాపు కట్టేసి ఇల్లు చేరి 12:20కి రాసుకునే వ్యాపారి దృష్టిలో అది ఇంకా ఆ రోజే. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. యాప్‌లో తెల్లవారుజామున 4 గంటలకు రోజు మారేలా పెడితే ఈ చిక్కు దాదాపు తీరిపోతుంది. విదేశాల్లోని తెలుగువారు కూడా మీ యాప్ వాడుతున్నట్టయితే, ప్రతి పేజీతోపాటు అది రాసిన చోటి స్థానిక తేదీని భద్రపరచండి. శనివారం సాయంత్రం డల్లాస్‌లో విమానం ఎక్కినవారు హైదరాబాదులో దిగేసరికి సోమవారం తెల్లవారుతుంది. మధ్యలో ఆదివారం ఎక్కడికి పోయిందో వారికే తెలియదు, మీ సర్వర్‌కు ఏం తెలుస్తుంది?

ఇక రాత్రి 9 గంటల సంగతి. అందరికీ ఒకే గంట ఎందుకు పెట్టారు? ఆ సమయానికి ఒక ఇంట్లో భోజనాలు, ఇంకొక ఇంట్లో పిల్లల హోంవర్కు, వేరొకరికి రాత్రి డ్యూటీ మొదలు. మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరంగా రాసిన ఒక విషయం ఇక్కడ అక్కరకు వస్తుంది: ‘రోజూ రాస్తాను’ అని సంకల్పించుకోవడం కన్నా, ‘ఫలానాది జరిగినప్పుడు ఫలానా పని చేస్తాను’ అని ముందుగా అనుకున్నవారు ఆ పని చేసే అవకాశం ఎక్కువ. కనుక చేరేటప్పుడు ఎన్ని గంటలకు గుర్తు చేయమంటారని అడగకుండా, ఏ పని అయ్యాక రాసుకుంటారని అడగండి. ఉదయం కాఫీ తాగాక, పిల్లలను బడి బస్సు ఎక్కించాక, షాపు షట్టరు దించాక, రాత్రి వంటిల్లు సర్దాక అనే వాటిలో ఒకటి ఎంచుకోనివ్వండి. సొంతంగా రాసుకోవడానికి ఒక ఖాళీ కూడా ఉంచండి. వంటిల్లు సర్దడం ఎప్పుడు పూర్తయిందో ఫోనుకు తెలియదు. అందువల్ల వారు చెప్పిన ఉజ్జాయింపు సమయానికి మొదటి కొన్ని వారాలు మాత్రమే గుర్తు చేసి, వారు తమంతట తామే తెరవడం మొదలుపెట్టాక ఆ పిలుపును తగ్గించుకుంటూ పోండి. గుర్తు చేస్తే తప్ప జరగని పని ఇంకా అలవాటు కానట్టే.

వంటింటి గోడ క్యాలెండరును కూడా ఒకసారి గమనించండి. పాలు రాని రోజు ఒక గీత, గ్యాస్ బండ వచ్చిన తేదీ చుట్టూ ఒక సున్నా, పనిమనిషి రాని పూట ఒక చుక్క. డైరీ రాయడం మా వల్ల కాదనే ఇళ్ళలో కూడా ఈ డైరీ ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఎందుకంటే అది పని జరిగే చోటే వేలాడుతుంది, పెన్సిలు దారంతో పక్కనే కట్టి ఉంటుంది, రాయవలసింది ఒక్క గీత. ఫోనులో దీనికి దగ్గరగా వచ్చేది విడ్జెట్, అంటే యాప్ తెరవకుండానే హోమ్ స్క్రీన్ మీద కనిపించే చిన్న పెట్టె. దాన్ని నొక్కగానే నేటి పేజీ తెరుచుకుని, కర్సరు సిద్ధంగా ఉండాలి. మధ్యలో మీ ప్రకటన, మీ కొత్త సదుపాయాల పట్టిక, నేటి సూక్తి అడ్డురాకూడదు.

ఒక్క వాక్యం రాసినా ఆ పేజీ నిండినట్టే లెక్కించండి. రోజుకు 100 పదాలు అన్న లక్ష్యం ఇంగ్లీషు యాప్‌ల నుంచి తెచ్చుకున్నట్టున్నారు. తెలుగుకు అది అతకదు. ‘వెళ్ళవలసివచ్చింది’ అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో కనీసం మూడు నాలుగు మాటలు. అక్షరాలతో లెక్కిద్దామంటే ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం, కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ పద్ధతిలో ఆరు సంకేతాలు. పైగా చిన్న తెర మీద తెలుగు టైపు చేయడం చాలామందికి శ్రమ. మైకు నొక్కి మాట్లాడితే అక్షరాల్లోకి మారే సదుపాయాన్ని కీబోర్డు మూలకు వదిలేయకుండా పేజీ మీదే పెద్దగా పెట్టండి. తప్పులు వచ్చినా అప్పుడే దిద్దుకోవలసిన అవసరం లేకుండా, ఆ మాటల రికార్డింగును పేజీతోపాటు దాచండి. ఇంకొక చిన్న మాట: మీ యాప్‌లో వరుసల మధ్య ఎడం తక్కువై ‘ష్ట్ర’ వంటి వాటి కింది ఒత్తులు తెగిపోతున్నాయేమో చూసుకోండి. తన పేరే సగం తెగి కనిపించే పుస్తకంలో రోజూ రాయాలని ఎవరికుంటుంది?

ఖాళీ పేజీ భయపెట్టేవారికి ప్రశ్న సాయపడుతుంది, అయితే అది ఇంట్లో ఎవరైనా అడిగే ప్రశ్నలా ఉండాలి. ‘ఈ రోజు మీరు దేనికి కృతజ్ఞులు?’ అన్నది పరాయి భాష నుంచి నడిచివచ్చిన వాక్యమని చదవగానే తెలిసిపోతుంది, పైగా పరీక్ష హాలు గుర్తొస్తుంది. ‘ఇవాళ ఎవరితో ఎక్కువసేపు మాట్లాడారు?’, ‘ఏ పని సగంలో ఆగింది?’, ‘ఇంట్లో ఏం వండారు, ఎలా కుదిరింది?’ వంటివి అడిగి చూడండి. వంకాయ కూర దగ్గర మొదలైన వాక్యం అత్తగారి ఆరోగ్యం దగ్గరికి వెళ్ళడానికి ఎంతోసేపు పట్టదు. ఆపిల్ సంస్థ 2023 డిసెంబరులో ఐఫోన్లకు ఇచ్చిన జర్నల్ యాప్ ఆ రోజు తీసిన ఫొటోలను, వెళ్ళిన చోట్లను చూపి వాటి గురించి రాయమని సూచిస్తుంది. మీరు అంత దూరం వెళ్ళనక్కరలేదు. ఆ రోజు ఫొటోల్లో ఒకదాన్ని వారే ఎంచుకుని, దాని కింద రాసుకునే వీలు ఉంటే చాలు.

పాత పేజీలను తిరిగి చూపించడం మనుషులను నిలబెట్టే గట్టి ఉపాయం. అయితే గత ఏడాది ఇదే తేదీన అని చూపించే పద్ధతి మన పండుగలకు కుదరదు. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఉగాది నాడు నిరుటి ఉగాది పేజీని తెరిచి చూపించగల డైరీ తెలుగువారి డైరీ అవుతుంది. చూడలేని జ్ఞాపకాలు కూడా ఉంటాయి కనుక, ఈ పేజీ మళ్ళీ చూపవద్దు అని చెప్పే అవకాశం ప్రతి పేజీకీ ఇవ్వండి.

పేజీ పూర్తి కాగానే తెర మీద బ్యాడ్జీలు చూపించడం, రంగు కాగితాలు ఎగరేయడం వంటివి ఉంటే మానుకోండి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులు నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు చొప్పున రాశారు. తమకు జరిగిన బాధాకరమైన సంఘటనను, దాని వల్ల కలిగిన వేదనను కలిపి రాసినవారి మనసు రాసిన వెంటనే మరింత బరువెక్కింది. తరువాతి నెలల్లో మాత్రం వారు జబ్బు చేసి వైద్యం కోసం వెళ్ళిన సందర్భాలు మిగతావారికన్నా తక్కువ. దీని నుంచి మీరు గ్రహించవలసినవి రెండు. రాత వల్ల మేలు కలగడానికి అది ఏడాది పొడుగునా రోజూ జరిగి తీరవలసిన పనేమీ కాదు. రెండవది, కన్నీళ్ళు పెట్టుకుని రాసిన పేజీ మీద ‘శభాష్, కొత్త బ్యాడ్జీ!’ అని కనిపిస్తే అది అవమానం. రాసింది భద్రంగా ఉందని ఒక చిన్న గుర్తుతో చెప్పి ఊరుకోండి.

పెట్టుబడి పెట్టేవారు అడిగే అంకె గురించి. రోజుకు ఎంతమంది తెరుస్తున్నారన్నది వార్తల యాప్‌కు తగిన కొలత. దాని వెంట పడితే మళ్ళీ మంట బొమ్మ దగ్గరికే వస్తారు. చేరిన ఎనిమిదో వారంలో వారానికి కనీసం రెండు రోజులు రాస్తున్నవారు ఎంతమంది, మూడు రోజులకు పైగా ఆగినవారిలో తరువాతి పదిహేను రోజుల్లో తిరిగి రాసినవారు ఎంతమంది అన్న రెండు అంకెలు పెట్టుకోండి. రెండో అంకె పెరిగితే మీ కొత్త రూపకల్పన పని చేసినట్టే. వీటికి ఏ రోజు రాశారన్నది తెలిస్తే చాలు, ఏం రాశారన్నది మీ సర్వర్‌కు చేరకూడదు. మానేసినవారిలో పదిమందికి ఫోను చేసి మాట్లాడటం ఈ రెండు అంకెలకన్నా ముందు చేయవలసిన పని.

నోటిఫికేషన్ల భాష కూడా మార్చాలి. ‘మీ డైరీ మీ కోసం ఏడుస్తోంది’, ‘నన్ను మర్చిపోయారా?’ వంటివి మీ యాప్‌లో ఉంటే ఈ రోజే తీసేయండి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీ చేసిన మార్గదర్శకాలు వినియోగదారులను మభ్యపెట్టే 13 రకాల రూపకల్పన ఎత్తులను పేర్కొన్నాయి. కాదన్నవారిని సిగ్గుపడేలా చేయడం, పదే పదే విసిగించడం ఆ 13లో ఉన్నాయి. మీ మాటలు ఆ నిర్వచనంలోకి వస్తాయా రావా అన్నది న్యాయవాదులు తేల్చవలసిందే గానీ, ఆ పొరుగున కూడా ఉండవద్దని నా సలహా. మూడుసార్లు పిలిచినా తెరవకపోతే పిలుపులు ఆపివేసి, మళ్ళీ గుర్తు చేయమంటారా అని ఒకేసారి అడిగి ఊరుకోండి.

ప్రశ్న: డైరీ యాప్‌లో రిమైండర్ పెట్టుకున్నాను. పాత ఫోనులో సరిగా వచ్చేది, కొత్త ఆండ్రాయిడ్ ఫోనులో కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు రాదు. లోపం ఎక్కడ?
— ఒక పాఠకుడు, నిజామాబాదు

జవాబు: 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ పంపడానికి ప్రతి యాప్ మీ అనుమతి అడగాలి, తొందరలో వద్దని నొక్కి ఉంటే అసలే రావు. అప్పుడప్పుడు వస్తున్నాయంటే కారణం బహుశా బ్యాటరీ పొదుపు. వాడకుండా పక్కన పెట్టిన ఫోనులో యాప్‌ల పనులను వాయిదా వేసే పద్ధతి ఆండ్రాయిడ్ 6 నుంచే ఉంది. కొన్ని కంపెనీల ఫోన్లు దానిపైన తమ సొంత కట్టడి కూడా పెడతాయి. సెట్టింగులలో ఆ యాప్ పేరు తెరిచి, నోటిఫికేషన్లకు అనుమతి ఇచ్చి, బ్యాటరీ దగ్గర దాని మీది ఆంక్ష తొలగించండి. హనుమకొండ మిత్రులకు ఒక సూచన: ఇన్‌స్టాల్ చేయగానే ఈ అనుమతి అడగకుండా, మొదటి పేజీ రాయడం పూర్తయ్యాక అడిగితే ఎందుకు అడుగుతున్నారో ఎదుటివారికి అర్థమవుతుంది.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో నా ఫోను తమ్ముడి చేతికీ అమ్మ చేతికీ వెళుతుంది. ఎవరైనా చదువుతారేమోనని డైరీలో పైపై మాటలే రాస్తున్నాను. అందులో పస లేక రాయడమే తగ్గిపోయింది. ఏం చేయాలి?
— ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: అమ్మా, రాత ఆగిపోవడానికి మీరు చెప్పిన కారణం చాలామందికి ఉంటుంది కానీ పైకి చెప్పుకోరు. ఫోను లాక్ ఇంట్లో అందరికీ తెలిసినదే కనుక, డైరీకి విడిగా వేరే పిన్ పెట్టుకునే వీలున్న యాప్ ఎంచుకోండి. వేలిముద్రతో తెరిచే సదుపాయం మంచిదే, కానీ తమ్ముడి వేలిముద్ర కూడా ఆ ఫోనులో నమోదై ఉంటే అతని వేలికీ డైరీ తెరుచుకోవచ్చు, అది చూసుకోండి. నోటిఫికేషన్‌లో పేజీలోని మాటలు కనిపించకూడదు. ఇటీవల వాడిన యాప్‌ల వరుస తెరిచినప్పుడు మీ పేజీ చిన్న బొమ్మగా కనిపిస్తోందేమో పరీక్షించండి. మంచి డైరీ యాప్ అక్కడ ఖాళీ తెర మాత్రమే చూపుతుంది. రాసింది క్లౌడ్‌లోకి వెళుతుంటే, ఫోనులోనే సంకేత లిపిలోకి మారి, మీరు తప్ప కంపెనీవారు కూడా చదవలేని రూపంలో వెళుతోందా అన్నది వారి గోప్యతా విధానంలో చూడండి.

యాప్ ఎంచుకున్నాక నిజమైన సంగతులు రాయడానికి ముందు రెండు ఉత్తుత్తి పేజీలు రాసి, వాటిని ఫైలుగా బయటికి తీసి, వేరొక ఫోనులోనో కంప్యూటర్‌లోనో తెరిచి చూడండి. అక్షరాలు, ఒత్తులు, తేదీలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తే ఆ రాత్రి నుంచే మొదలుపెట్టవచ్చు. డబ్బాలు, ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఆ యాప్ తీసేసి వేరొకటి చూసుకోండి.